‘వాడి దారి వాడు చూసుకున్నాడు’ అనే మాట గురించి

ఆత్మహత్య జరిగిన ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అనేస్తారు: "వాడి దారి వాడు చూసుకున్నాడు. పెళ్లాం పిల్లల గతేంటని ఒక్క నిమిషం ఆలోచించాడా?" అన్న మనిషి చెడ్డవాడేమీ కాదు. తెల్లవార్లూ మార్చురీ బయట నిలబడింది, కాగితాల మీద సంతకాలు పెట్టింది కూడా ఆ మేనమామో బావమరిదో అయ్యుండొచ్చు. అయినా ఆ మాట ఒక తీర్పు. చనిపోయినవాడు స్వార్థపరుడని తేల్చేస్తుంది. ఆ తీర్పు న్యాయం కాదని నా అభిప్రాయం. చనిపోయినవాళ్ల గురించి చెడు మాట్లాడకూడదన్న మర్యాద కోసం చెప్పడం లేదు. స్వార్థం అనే మాటకు ఉన్న అర్థమే అక్కడ పొసగదు.

ఒకణ్ణి స్వార్థపరుడు అనాలంటే ఏం ఉండాలో చూడండి. తనకు ఒక లాభం కనపడాలి. దానివల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం తెలిసుండాలి. రెండింటినీ తూచి, వాళ్లేమైపోతే నాకేంటి అనుకోవాలి. అన్నదమ్ముల వాటా ప్లాటును దొంగ కాగితాలతో అమ్ముకున్నవాడిలో ఈ మూడూ కనిపిస్తాయి. ప్రాణం తీసుకోబోయే మనిషి తలలో తరచూ నడిచే లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది. "నేను లేకపోతే వీళ్లైనా సుఖంగా ఉంటారు", "నా మందులకే జీతమంతా పోతోంది", "నా వల్లే చెల్లెలి పెళ్లి ఆగింది". అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ జాయినర్ 2005లో ప్రతిపాదించిన సిద్ధాంతంలో ఇదే ఒక ప్రధాన భాగం: తాను అందరికీ భారమైపోయానన్న నమ్మకం. ఇది నమ్మకమే తప్ప నిజం కాదు. ఇంట్లోవాళ్లను అడిగితే ఒక్కరు కూడా ఔననరు. కానీ లోపలున్నవాడికి అది కరెంటు బిల్లు మీద అంకెలంత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మనిషి ఇంట్లోవాళ్లను లెక్కలోకి తీసుకోలేదనడం సరికాదు. తీసుకున్నాడు, లెక్క తప్పింది. తప్పు లెక్క వేసినవాణ్ణి ఆపాలి, సరిదిద్దాలి. వాడికి స్వార్థం అంటగట్టలేం.

దీనికో ఎదురు వాదన ఉంది, బలమైనదే. బాధ నుంచి తప్పించుకోవడమే లాభం కదా, ఆ బాధను ఇంట్లోవాళ్ల నెత్తిన పెట్టి పోయినట్టే కదా అంటారు. రాత్రి రెండింటికి పన్ను పోటు పట్టుకున్న మనిషిని గుర్తు తెచ్చుకోండి. ఇంట్లోవాళ్ల నిద్ర, రేపటి ఆఫీసు, పక్క వాటా వాళ్లు, ఏవీ అతని బుర్రలో ఉండవు. ప్రపంచమంతా ఆ పన్నంత అయిపోతుంది. ఈ రంగంలో తొలి తరం పరిశోధకుడు ఎడ్విన్ ష్నైడ్‌మన్ ఆత్మహత్యకు మూలం భరించలేని మనోవేదన అన్నాడు. ఆ వేదనలో ఆలోచన సొరంగంలా ఇరుకైపోతుందని, ‘ఇదొక్కటే దారి’ అనే స్థితికి మనిషి వస్తాడని వివరించాడు. అంతకంటే ముఖ్యంగా, ఆ క్షణంలో కూడా మనిషిలో సగం బతకాలనే కోరుకుంటుందని చెప్పాడు. తూచడానికి రెండు పళ్లేలు కావాలి. సొరంగంలో ఉన్నవాడికి ఒకటే కనిపిస్తుంది.

ఇది నిబ్బరంగా తీసుకున్న నిర్ణయం కాదనడానికి మరో ఆధారం ఉంది. అమెరికాలో రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు, చివరి క్షణంలో ఎవరో ఒకరు ఆపగలిగిన 515 మంది తర్వాత ఏమయ్యారో వెతికి 1978లో ప్రచురించాడు. ఏళ్లు గడిచాక చూసినా వాళ్లలో దాదాపు 94 శాతం మంది బతికే ఉన్నారు, లేదా సహజంగానే చనిపోయారు. ‘ఇవాళ ఆపితే రేపు ఎలాగూ చేసుకుంటాడు’ అని మన బస్తీల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ తేలిగ్గా అనేసే మాట ఆ అంకెల ముందు నిలవదు. ఆ ఉధృతి అలలా వస్తుంది. చాలామందిలో నిమిషాలు, గంటలు ఉండి తగ్గుతుంది.

మన భాషే ముందు చనిపోయినవాణ్ణి ముద్దాయిగా నిలబెట్టేస్తుంది. పేపర్ తిరగేయండి: ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’, ‘అఘాయిత్యానికి ఒడిగట్టింది’. తెలుగులో దేనికి పాల్పడతాం? దోపిడీకి, మోసానికి, అత్యాచారానికి. ఒడిగట్టడం కూడా ఆ కోవలోదే. జబ్బుకు ఎవరూ పాల్పడరు. ‘ఆత్మహత్య’ అన్న మాటలోనే హత్య ఉంది, దాన్ని ఇప్పుడు మార్చలేం కానీ క్రియను మార్చొచ్చు: ‘ఆత్మహత్య వల్ల చనిపోయారు’, ‘ప్రాణం తీసుకున్నారు’. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ఆధారంగా భారత ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఎలా చనిపోయారో వర్ణించొద్దు, ఎక్కడో చెప్పొద్దు, ప్రముఖంగా పరవొద్దు, ఫొటోలు, వీడియోలు వాడొద్దు అని. ఇంటర్ ఫలితాల వారంలో మన జిల్లా ఎడిషన్లు చూస్తే అవి ఎవరి టేబుల్ మీదికీ చేరలేదేమో అనిపిస్తుంది.

ఇంకో విచిత్రం, ఇది మన హైదరాబాద్‌దే. తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు తీసుకున్న యువకులను మనం ఎప్పుడైనా స్వార్థపరులన్నామా? 2009 డిసెంబరులో చనిపోయిన శ్రీకాంతాచారి పేరు ఎల్బీనగర్ కూడలికి పెట్టుకున్నాం. సచివాలయం ఎదురుగా హుస్సేన్‌సాగర్ ఒడ్డున అమరుల స్మారకాన్ని 2023 జూన్‌లో ప్రారంభించుకున్నాం. వాళ్ల తల్లుల కడుపుకోత మాత్రం అదే. అక్కడ ‘త్యాగం’, అప్పులపాలైన ఆటో డ్రైవర్ దగ్గరికి వచ్చేసరికి ‘స్వార్థం’. స్మారకాలు వద్దని నా ఉద్దేశం కాదు. ఈ రెండు పేర్లూ బతికున్న మన అవసరం కొద్దీ పెట్టుకున్నవని మాత్రం గమనించాలి. ‘త్యాగం’ కూడా ప్రమాదకరమైన మాటే: ఒక చావు చుట్టూ వెలుగు పెడితే ఇంకొకరు అటే నడుస్తారు. అప్పట్లో ప్రాణాలు తీసుకోవద్దని ఉద్యమ నాయకులే పదేపదే బతిమాలాల్సి వచ్చింది. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ 1897లోనే ఆత్మహత్యలను రకాలుగా విడదీశాడు. అందులో ఒక రకానికి ‘అహంపరం’ అన్న అర్థమొచ్చే పేరు పెట్టాడు. దాని అర్థం మనిషి స్వార్థపరుడని కాదు, సమాజంతో అతన్ని కట్టి ఉంచే తాళ్లు వదులైపోయాయని. తాడు వదులైతే తప్పు ఒక్క కొసదేనా?

మరి భార్యే అలాంటి మాట అంటే? "నన్నూ పిల్లల్నీ ఇట్లా వదిలేసి పోవడానికి నీకు మనసెట్లా వచ్చిందయ్యా" అని శవం మీద పడి ఏడుస్తుంది కదా. ఆ మాటకు నేనేమీ అడ్డు చెప్పను, ఎవరూ చెప్పకూడదు. ఆమె మాట్లాడుతున్నది అతనితో. కోపం శోకంలో భాగం, ఆత్మహత్య మిగిల్చే శోకంలో మరీ ఎక్కువ. కోపం పక్కనే అపరాధభావం ఉంటుంది ("ఆ రోజు నేను ఫోన్ ఎత్తి ఉంటే"), సిగ్గు ఉంటుంది, ఒక్కోసారి కొంచెం ఊరట కూడా ఉంటుంది, ఆ ఊరట ఉన్నందుకు మళ్లీ అపరాధభావం. ఇవన్నీ ఆమె సొంతం. షామియానా కింది మనిషి మాట్లాడుతున్నది మాత్రం అతని గురించి, మనతో. ఆ రెండింటికీ తేడా ఉంది.

రెండు సందర్భాలు వేరుగా చూడాలి. మొదటిది, పిల్లల్ని చంపి తర్వాత తాను చనిపోయే తల్లో తండ్రో. ‘కుటుంబం ఆత్మహత్య’ అని శీర్షిక పెడతారు. నాలుగేళ్ల పిల్లాడు ఆత్మహత్య చేసుకోడు. అది హత్య, ఆ పేరుతోనే పిలవాలి. చేసినవాళ్ల మానసిక స్థితి దయనీయమే అయినా పిల్లల ప్రాణం వాళ్లది కాదు. రెండోది, ‘చస్తాను’ అని బెదిరించి పని జరిపించుకోవడం. ఇక్కడ అందరూ చేసే పొరపాటు రెండు రకాలు: ‘నాటకాలాడుతున్నాడు’ అని వదిలేయడం, లేదా భయపడి అడిగిందల్లా ఇచ్చేయడం. ప్రాణం సంగతి పూర్తి సీరియస్‌గా తీసుకోండి, డిమాండ్ సంగతి విడిగా పెట్టండి. "నీ ప్రాణం నాకు ముఖ్యం, ఇప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ప్లాటు విషయం వేరే రోజు మాట్లాడదాం." బెదిరించేవాళ్లలోనూ నిజంగా చనిపోయేవాళ్లు ఉంటారు.

మందులు లేని జబ్బు చివరి దశలో చికిత్స ఆపేయమని కోరడం ఈ చర్చలోకి రాదు. సుప్రీంకోర్టు 2018లో దానికి దారి చూపింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది.

చట్టం కూడా ఇన్నేళ్లూ షామియానా కింది మనిషిలాగే మాట్లాడింది. పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 309వ సెక్షన్ కింద, ప్రయత్నించి బతికినవాళ్లకు ఏడాది వరకు జైలు. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందనే అంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ దాన్ని తిరగేసింది: ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309కి సాటి సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యకు ప్రయత్నిస్తే మాత్రం 226వ సెక్షన్ వర్తిస్తుంది. ఇది తెలియక ఇప్పటికీ ‘పోలీస్ కేసవుతుంది’ అని ఆసుపత్రిలో ‘పొరపాటున జరిగింది’ అని చెప్పేవాళ్లున్నారు. అలా చెబితే ఒంటికి చికిత్స జరుగుతుంది, మనసు డాక్టర్ దగ్గరికి మాత్రం పంపరు. మళ్లీ జరగడానికి అన్నిటికంటే పెద్ద సూచన ముందు జరిగిన ప్రయత్నమే కాబట్టి, ఆ అబద్ధం ఖరీదైనది.

మరణం జరిగిన ఇంట్లో మొదటి 24 గంటలు ఎలా నడుస్తాయో తెలిసి ఉంటే కొంత భారం తగ్గుతుంది. అత్యవసర నంబరు 112కి చెప్పాక పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194వ సెక్షన్ కింద విచారణ మొదలుపెడతారు, పంచనామా రాస్తారు. పెళ్లయిన 7 ఏళ్లలోపు స్త్రీ అయితే కార్యనిర్వాహక మేజిస్ట్రేట్, మన దగ్గర సాధారణంగా తహసీల్దారో ఆర్డీవోనో, రావాలి. తర్వాత పోస్ట్‌మార్టం. 2021 నవంబరులో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్ట్‌మార్టం చేయొచ్చని కేంద్రం అనుమతించినా, హత్య, ఆత్మహత్య లాంటి కేసులను అందులోంచి మినహాయించింది. శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప రాత్రి చేయరు. అందుకే సాయంత్రం జరిగితే తెల్లారేదాకా ఎదురుచూపే. ఎవరో కావాలని ఆలస్యం చేస్తున్నారని గొడవకు దిగొద్దు. పోలీసులతో మాట్లాడటానికి ఇంటి నుంచి ఒక్కరినే పెట్టండి, భార్యనో తల్లినో పెట్టొద్దు. ఫోన్లో ఏదీ చెరపొద్దు, ఉత్తరం ఉంటే దాచొద్దు. ఎఫ్‌ఐఆర్ నకలు అడిగి తీసుకోండి.

పిల్లలకు ‘నాన్న అమెరికా వెళ్లాడు’ అని చెప్పేవాళ్లున్నారు. వారంలోగా బడిలో ఎవరో చెప్పేస్తారు, అప్పుడు పోయేది తండ్రి ఒక్కడే కాదు, ఇంట్లో పెద్దల మీద నమ్మకం కూడా. ఆరేళ్ల పిల్లకైనా అర్థమయ్యే మాటలున్నాయి: "నాన్న మనసుకు చాలా పెద్ద జబ్బు చేసింది. ఆ జబ్బులో ఆయన తన ప్రాణం తీసుకున్నారు. నువ్వు అల్లరి చేసినందుకు కాదు. నాకు అట్లాంటి జబ్బు లేదు, నేను నీతోనే ఉంటాను." ఎలా జరిగిందో చెప్పనక్కర్లేదు. దుర్మరణమని, నారాయణబలి చేయించకపోతే ఇంటికి అరిష్టమని పదో రోజున బెదిరించే బంధువులుంటారు. చేయించుకుంటే మనసుకు ఊరట అనుకుంటే చేయించుకోండి, బెదిరింపుకు లొంగి అప్పు చేసి మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు నష్టం. షామియానా కింద ఆ మాట వింటున్న పాతిక మందిలో, తనకూ అలాంటి ఆలోచనలున్న మనిషి ఒకరు ఉండొచ్చు. దేశంలో 2022లో పోలీసు లెక్కల్లోకి వచ్చినవే 1,70,924 ఆత్మహత్యలు, పది మందిలో ఏడుగురు మగవాళ్లు. ఆ మనిషి నేర్చుకునే పాఠం ‘చేసుకోకూడదు’ అన్నది కాదు, ‘ఈ ఆలోచన రావడమే నీచం, ఎవరికీ చెప్పకూడదు’ అన్నది. పైగా తనను తాను పనికిరానివాణ్ణనుకునే మనిషికి ఆ జాబితాలో ఇంకో పాపం చేరుతుంది. ఆ మాట భయపెట్టి ఆపుతుందని వాదించేవాళ్లకు ఒక్క విషయం ఒప్పుకుంటాను: కుటుంబం మీది బాధ్యత మనిషిని నిజంగానే పట్టి ఆపుతుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లైన్‌హన్ 1983లో బతకడానికి గల కారణాలను కొలిచే ప్రశ్నావళి తయారుచేసినప్పుడు అందులో కుటుంబ బాధ్యత, పిల్లల గురించిన చింత ప్రత్యేక భాగాలుగా వచ్చాయి. కాకపోతే ‘నువ్వు మాకు కావాలి’ అన్నది వేరు, ‘పిల్లలున్నవాడివి, సిగ్గుందా’ అన్నది వేరు. మొదటిది తాడు, రెండోది రాయి.

అడగడం ఎలాగో చూద్దాం, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. "పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవుగా?" అని అడుగుతాం. ఆ ‘గా’లోనే ‘లేవని చెప్పు’ అన్న ఆజ్ఞ ఉంది. లేవంటాడు. సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు, పరిశోధనలు అలా జరగదనే చెబుతున్నాయి. ఔనంటే వెంటనే ధైర్యం చెప్పకండి, ఫలానావాళ్ల కష్టాలతో పోల్చకండి. "ఎప్పటినుంచి? ఎలా చేయాలని కూడా అనుకున్నావా? ఎప్పుడని?" అని అడిగి వినండి. పద్ధతి, సమయం రెండూ అనుకుని ఉంటే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలొద్దు, అదే రోజు ఆసుపత్రి. ఇంట్లో ప్రమాదానికి దారితీసేవన్నీ వేరే ఇంటికి చేర్చండి, మందులు ఒకరి చేతిలో ఉంచి రోజుకు కావలసినంతే ఇవ్వండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాటివ్వకండి.

మనవాళ్లు చేసే మరో పని తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకోవడం. ఒట్టు వల్ల ప్రమాదం తగ్గుతుందనడానికి ఆధారం లేదు. రెండోసారి ఆలోచన వస్తే ఒట్టు తప్పానన్న సిగ్గుతో నోరు మూసుకుంటాడు. దాని బదులు ఒక తెల్లకాగితం తీసుకుని ఇద్దరూ కలిసి రాయండి. ముందు ఆ ఆలోచన మొదలయ్యేముందు కనిపించే గుర్తులు (నిద్ర లేకపోవడం, ఫోన్ ఆపేయడం). తర్వాత ఒంటరిగా చేయగల పని, మనసు మళ్లించే మనుషులు, చోట్లు, సాయం అడగదగ్గ ముగ్గురి నంబర్లు, డాక్టర్ నంబరు, ఇంట్లోంచి తీసేయాల్సినవి. ఆపద వేళ బుర్ర పనిచేయదు కాబట్టి కాగితం పనిచేయాలి. దాని ఫొటో ఫోన్లోనూ ఉండాలి.

కారణం అప్పు యాప్ అయితే డాక్టర్‌తో పాటు ఇంకో పని కూడా ఉంది. 2020 చివర్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఆ యాప్‌ల తరఫున వసూలు ఫోన్లు చేసే కాల్ సెంటర్ల మీద దాడులు చేసినప్పుడు, చనిపోయినవాళ్ల వెనక ఎవరున్నారో ఊరందరికీ తెలిసింది. 2022లో ఆర్‌బీఐ నిబంధనలు గట్టిపడ్డాయి: యాప్ మీ కాంటాక్ట్ లిస్టు తీయకూడదు, వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదు. స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. బంధువులకు ఫొటోలు పంపుతామని బెదిరిస్తే, వాళ్ల కంటే ముందు మీరే బంధువులకు చెప్పేయండి. ఆ బెదిరింపులో బలమంతా గుట్టులోనే ఉంది.

రాత్రి వేళ ఎవరూ దొరక్కపోతే 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయం ఉంటే 108. పగలైతే గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రే ఉంది. ‘ఎర్రగడ్డకు పంపాలి వీణ్ణి’ అని ఈ ఊళ్లో తరతరాలుగా వేసిన జోకుకు మూల్యం ఏంటంటే, అక్కడి మెట్రో స్టేషన్లో దిగడానికి కూడా సిగ్గుపడి నెలలు గడిపేయడం. తోడుగా ఒకరు వెళ్లండి. పాత చీటీలు, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకోండి. డాక్టర్ ముందు ‘నిద్ర పట్టట్లేదంతే’ అని ఆపేస్తే మీరు అందుకుని ‘చావు ఆలోచనలున్నాయని చెప్పాడు సార్’ అనండి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి 2 నుంచి 4 వారాలు పట్టొచ్చు, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ. మొదటి వారాల్లో మనసు ఇంకా తేరుకోకముందే ఒంట్లో చురుకు రావచ్చు. ముఖ్యంగా 25 ఏళ్లలోపువాళ్లను అప్పుడు కనిపెట్టుకుని ఉండాలి. ‘బాగానే ఉన్నాగా’ అని రెండో నెలలో ఆపేయడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. తేరుకున్నాక కూడా కనీసం 6 నెలలు వాడమంటారు. తర్వాత ఏ తేదీన రావాలో, ఆ రోజు ఎవరు సెలవు పెట్టి తోడు రావాలో, ఇంటికి తిరుగు ప్రయాణంలో మెట్రో ఎక్కకముందే మాట్లాడుకోండి.